ఆలంగీరు మరలవలసిన దినము

వాది: 1681 సెప్టెంబరులో అజ్మీరు విడిచి దక్షిణమునకు తరలిన ఆలంగీరు, అనగా ఔరంగజేబు పాదుషా, అటుపిమ్మట ఇరువదియైదేండ్లకు పైగా జీవించియు, ఢిల్లీనిగాని ఆగ్రానుగాని మరల కన్నులార చూడలేదు. బయలుదేరునాటికి అతనికి అరువదిమూడవ యేడు నడుచుచుండెను. కాబూలునుండి వంగదేశమువరకు మసీదులలో అతని పేరనే ఖుత్బా చదువుచుండిరి. 1707 మార్చిలో అహమ్మదునగరమున కన్నుమూయునాటికి అతని సామ్రాజ్యము మునుపు ఏ మొగలు ప్రభువునకును లేనంత విశాలముగ నుండెను. దానిని కాపాడవలసిన సైనికులకు మాత్రము ఏండ్లతరబడి జీతములు బకాయిపడి యుండెను. ఈ రెండు సంగతులను పక్కపక్కన పెట్టిచూచినచో, తన గెలుపునకు తానే ఎల్ల గీసికొనలేని రాజు ఏమగునో వేఱుగ చెప్పనక్కఱలేదు.

ప్రతివాది: ఆ రెండు సంగతుల నడుమ ఇరువదియైదేండ్లు కలవు, మీరు వానిని ఒక్క గంతున దాటివేసితిరి. పడిపోయిన రాజునెల్ల దురాశాపరుడనియు, నిలిచిన రాజునెల్ల దూరదర్శి యనియు చెప్పుట చరిత్రకారులకు సులువైన పని. దక్షిణమునకు చేయిచాచుట దురాశయే యైనచో, 1600లో అహమ్మదునగరపు కోటను, మరుసటి యేట అసీరుగఢమును పట్టిన అక్బరు దురాశాపరుడు కాడేమి? 1636లో బిజాపుర గోలకొండల సుల్తానులచే తన ఆధిపత్యము నొప్పించిన షాజహాను కాడేమి? ఔరంగజేబు కొత్తదారి త్రొక్కలేదు. తాతముత్తాతలు త్రొక్కిన దారిలో తుదివరకు నడచెను. మఱియు 1681లో అతడు బయలుదేరుటకు కారణము రాజ్యకాంక్ష యని మీరనజాలరు. కన్నకొడుకు అక్బరు తిరుగుబాటు చేసి, తానే పాదుషానని చాటించుకొని, మహారాష్ట్ర రాజు శంభాజీ శరణుజొచ్చెను. రాజపుత్రులతో వైరము ఒకవైపు, మహారాష్ట్రుల అండ చేరిన కొడుకొకవైపు ఉండగా, ఢిల్లీలో కూర్చుండి జపమాల త్రిప్పుకొనువాడు పాదుషా యగునా? కావున నేను మిమ్ము ఒక్కటే అడుగుచున్నాను. అతడు వెనుకకు మరలవలసిన దినమేదో చెప్పుడు. తేదీ చెప్పలేనినాడు దురాశ యను మాట తిట్టు మాత్రమే, వాదము కాదు.

వాది: న్యాయమైన ప్రశ్నయే. చెప్పెదను. 1687 జనవరి మాసాంతమున, గోలకొండ గోడల ముందు దండు దిగకమునుపే మరలవలసినది. అంతకు నాలుగు నెలల క్రిందటనే బిజాపురము లొంగినది; కొడుకు అక్బరు ఈ దేశమునే విడిచి పారసీకమునకు దారి వెదకుకొనుచుండెను. గోలకొండ ఎవరిమీదికిని దండెత్తి రాలేదు. కప్పము కట్టుచునే యుండెను, బకాయిలు పెట్టుచుండిన మాట నిజమేకాని. ముస్లిము రాజుపై ముస్లిము రాజు కత్తిదూయుట ధర్మసమ్మతమేనా యని అడుగగా, అవునని తీర్పు చెప్పుటకు మనసొప్పక ప్రధాన ఖాజీయే పదవి విడిచిపోయెను. అయినను పాదుషా ఆగలేదు, ఏలయన అది పాత ఆకలి. 1656లో తాను రాజకుమారుడై దక్కను సుబేదారుగ నున్నప్పుడు ఇదే కోటను ముట్టడించి, తండ్రి ఆజ్ఞచే నోటిముందరి ముద్దను విడిచి లేచిపోయినవాడు. ముప్పదియొక్క యేండ్లు ఆ రుచి నాలుకపై నిలిచియుండెను.

ఆ ముట్టడి ఎట్లు సాగినదో కొంచెము చూడుడు. మొదటి దినములలోనే సేనాని ఖిలిచ్ ఖానునకు తోపుగుండు తగిలి చేయి ఊడిపోయెను. శస్త్రవైద్యులు విఱిగిన యెముకల ముక్కలను ఏరుచుండగా ఆ వృద్ధుడు మొగము చిట్లింపక, మిగిలిన చేతితో కాఫీగిన్నె పట్టుకొని వచ్చినవారితో మాటలాడుచు కూర్చుండెనట. కొలది దినములలో మరణించెను. ఈ పేరును మనస్సున నుంచుకొనుడు. మే మాసమున ఒకనాటి రాత్రి మొగలు సిపాయిలు నిచ్చెనలు వేసి గోడయెక్కుచుండగా కోటలోని ఊరకుక్క యొకటి మొఱిగి కావలివారిని లేపినది. గోలకొండ సుల్తాను అబుల్ హసన్ తానీషా ఆ కుక్కకు బంగారు గొలుసు వేయించెనని చరిత్రకారుడు ఖాఫీఖాను వ్రాసియున్నాడు. జూనులో గోడక్రింద సొరంగములు త్రవ్వి మందు కూరి నిప్పంటించిరి. లోపలివారు ముందే పసిగట్టి తమవైపు మందును తీసివేసి నీరు పోసియుండుటచే ఆ ప్రేలుడు బయటివారిమీదికే తిరిగి, పాదుషా సైనికులే వేయిమందికి పైగా మట్టిక్రింద పూడిపోయిరి. పిదప వానలు. మంజీర పొంగి ధాన్యము తెచ్చు లంబాడీల పెరికెడ్లు అవతలి యొడ్డుననే నిలిచిపోయినవి. కఱవు, దానివెంట తెగులు. ఇంత చేసియు ఎనిమిది నెలలకు, సెప్టెంబరు 21న, కోట పడినది వీరత్వముచే కాదు. అబ్దుల్లా ఖాన్ పన్నీ యనువాడు లంచము తిని దిడ్డి తలుపు తెఱచుటచే. దాదాపు ఏడుకోట్ల రూపాయలు చేత చిక్కినవి. కాని, మహారాష్ట్రులకును మొగలులకును నడుమ నిలిచిన గోడ ఆనాడే కూలినది. అబుల్ హసన్ కొలువులో జీతము తినుచుండిన రౌతులలో పాదుషా దండులో చోటు దొరకనివారు ఎచ్చటికి పోయిరి? తలపాగ మార్చుకొని మహారాష్ట్ర సేనానులైన సంతాజీ వెంటనో ధనాజీ వెంటనో గుఱ్ఱమెక్కిరి. గెలుపే శత్రువునకు సిపాయిలను సమకూర్చినది.

ప్రతివాది: ముట్టడిలోని దైన్యమును నేను కాదనను. కాని గోడ యన్నారే, ఆ గోడకు ద్వారములెన్ని యుండెనో మఱచితిరి. 1677లో శివాజీ హైదరాబాదు వచ్చి, అక్కన్న మాదన్నల మంత్రాంగముచే కుతుబుషాతో ఒడంబడిక చేసికొని, ఇక్కడి ధనముతోను ఇక్కడి ఫిరంగులతోను దక్షిణమునకు నడచి చెంజిని, వేలూరును పట్టెను. రేపు మహారాష్ట్రులకు తలదాచుకొను చోటైన ఆ చెంజి గోలకొండ సొమ్ముతో దక్కిన కోట. మాదన్నను మన తెలుగువారు రామదాసు కథలో మేనమామగ ఎఱుగుదురు. మొగలు వేగులవానికి అతడు శత్రువునకు బొక్కసము తెఱచిన మంత్రి. 1686 మార్చిలో ఆ అన్నదమ్ములను హైదరాబాదు వీథులలో చంపించినది గోలకొండ సరదారులే. తన మంత్రులను తాను కాపాడుకొనలేని రాజును నమ్మి, వెన్ను చూపి ఉత్తరమునకు పొమ్మనెదరా? ఏ సేనానియు పోడు.

వాది: సరే. గోలకొండ నిర్దోషియని నేననను. ఆ తేదీని వెనుకకు తీసికొనుచున్నాను. అయినచో 1689 చెప్పెదను. ఫిబ్రవరిలో సంగమేశ్వరమున శంభాజీ పట్టుబడెను. మార్చిలో అతనిని చిత్రవధ చేయించిరి. ఆ సంవత్సరమే రాయగఢము పడినది. శంభాజీ భార్య యేసుబాయియు, ఏడేండ్ల కొడుకు షాహువును శిబిరములో బందీలైరి. పాదుషా ఆ బిడ్డకు రాజా బిరుదమును, ఏడువేల మన్సబును ఇచ్చెను. చేతిలో వారసుడున్నాడు, వాని రాజధాని యున్నది. వానిని అక్కడనే సామంతుని చేసి నిలిపి, కప్పము నిర్ణయించి, ఆ శీతకాలముననే ప్రయాణభేరి వేయించియున్నచో, నేడు మనము వేఱు చరిత్ర చదువుచుందుము. అట్లు చేయక, శంభాజీ తమ్ముడు రాజారాము చెంజికి పాఱిపోయినాడని వానివెంట సైన్యమును పంపెను. ఆ యొక్క ముట్టడి 1690 నుండి 1698 వరకు సాగెను. కోట పడునాటికి రాజారాము అందులో లేనేలేడు.

ప్రతివాది: 1689లో ఆ శిబిరమున మీరుండి యుండిన, ఇంకొక్క కోటయే గదా మిగిలినది యని మీరే అనియుందురు. మూడు పాళ్లు గెలిచి నాలుగవ పాలు విడిచిపోవుటను ఆ దినమున ఎవ్వడును వివేకమనడు, పిఱికితనమనును. అది తృష్ణ కాదు, లెక్క. లెక్క తప్పినది, ఏలయన ఎదిరి మారిపోయెను. మొగలు సైన్యము రాజును ఓడించుటకు తయారైనది: పెద్ద తోపులు, పెద్ద ముట్టడి, పెద్ద దర్బారు, ఓడినవాని శిరస్సు వంచుట. ఇక్కడ వంచుటకు ఒక్క శిరస్సు లేదు. సంతాజీ ఒకవైపు, ధనాజీ ఒకవైపు, ప్రతి దేశముఖుడును తన కొండను తానే కాచుకొనుచు యుద్ధము చేయుచుండిరి. మరలిపోదలచినను సంధిపత్రముపై ఎవనిచేత చేవ్రాలు పెట్టించును?

వాది: చేవ్రాలు పెట్టదగినవానిని చేతికి చిక్కినప్పుడు నాలుకకోసి కన్నులు పెఱికించి చంపించి, పిదప సంధికి మనిషి దొరకలేదని వగచుట!

ప్రతివాది: ఈ దెబ్బ తగిలినది. దానికి నాయొద్ద సమాధానము లేదు. శంభాజీ వధ రాజనీతిగ చూచినను తప్పే. అంతవఱకు వానిని ఈసడించుకొనుచుండిన మహారాష్ట్ర సరదారులు సైతము ఆ చావుతో ఒక్కటైరి. అయినను నా మూలవాదము దానిపై ఆధారపడినది కాదు. ఒక్క మనుష్యుని కోరికను చూచి మీరు తృప్తిపడుచున్నారు. నేను యంత్రమును చూడుమనుచున్నాను. జదునాథ సర్కారు పండితుడు నెపోలియనునకు స్పెయిను ఎట్టి పుండో ఔరంగజేబునకు దక్కను అట్టి పుండని పోల్చెను. పోలిక గొప్పదే. కాని వైద్యుడు పుండను పేరుపెట్టి ఊరకుండరాదు, నెత్తురెందుకు చెడినదో చెప్పవలెను. మొగలు రాజ్యము జాగీరులపై నడచిన రాజ్యము. ఉమ్రాకు జీతము రొక్కముగ కాక ఊళ్ల శిస్తుగ నిచ్చుచుండిరి. వాడు దానితో గుఱ్ఱములను మేపి పిలిచినప్పుడు రావలెను. గెలిచిన ప్రతి దేశమునందును ఓడిన సరదారులను కొలువులో చేర్చుకొనక తప్పదు, లేనిచో మీరు చెప్పినట్లే వారు దారులు కొట్టుదురు. వేయికి పై మన్సబు గల మహారాష్ట్రులు పాదుషా పాలన మొదటి ఇరువదియేండ్లలో 27 మందియట, అటుపిమ్మట 96 మంది. వీరుగాక బిజాపురము వారు, గోలకొండ వారు. పంచుటకు ఊళ్లేవి? ఏక్ అనార్ సౌ బీమార్ అని హైదరాబాదులో నేటికిని అందురే, ఒక్క దానిమ్మపండు, నూర్గురు రోగులు. ఆ శిబిరములోని అవస్థ అచ్చముగ అదియే. మన్సబు కాగితము చేతబట్టుకొని జాగీరు కొఱకు కచ్చేరి గుమ్మమున ముసలివాండ్రైపోయిన వారున్నారు. ఇది ఒక్కని దురాశ కాదు. గెలువక పోయిన తిండి లేదు; గెలిచిన తినువారు పెరుగుదురు.

వాది: మీ యంత్రమును ఒప్పుకొందును. కాని యంత్రమును తిప్పిన చేయి కూడ ఒకటుండెను గదా! 1700 మార్చిలో రాజారాము మరణించెను. అతని భార్య తారాబాయి రాయబారమంపినది: కొన్ని కోటలు అప్పగించెదము, పిల్లవానికి మన్సబు దయచేయుడు, సైన్యముతో కొలువు చేసెదము. ఇదిగో, చేవ్రాలు పెట్టు మనిషి లేడంటిరే, మనిషి తానై వచ్చెను. కోటలన్నియు కావలెనని పాదుషా ఆ మాటను త్రోసిపుచ్చెను. నేను చెప్పు కడపటి తేదీ ఇది. దీనిని వెనుకకు తీసికొనను.

ఎనుబదియొకటవ యేట, రాజారాము చావునకు మునుపే ఇస్లాంపురి శిబిరము విడిచినవాడు, సతారా, పర్లీ, పన్హాళా, ఖేల్నా, కొండాణా, రాజగఢము, తోరణా యనుచు కొండకోటల వెంటబడెను. సతారాలో మందుపాతర మరల సొంతవారిమీదనే ప్రేలి రెండువేలమంది చచ్చిరి. పట్టిన కోటలలో తోరణా తప్ప తక్కినవి చాలవఱకు లంచమునకే తలుపులు తెఱచినవి; కాపరి పైకము పుచ్చుకొని దిగిపోవుట, మొగలు దండు కదలిన వెనుక మహారాష్ట్రులు మరల ఎక్కుట. 1702లో ఖేల్నా చిక్కిన పిదప దండు పన్హాళాకు తిరిగివచ్చిన ప్రయాణము మాత్రము చాలును. దూరము ముప్పది మైళ్లు. పట్టిన దినములు ముప్పదియెనిమిది. సహ్యాద్రిపై జడివాన, వాగు దాటగనే మఱొక వాగు, బురదలో ఏనుగు కూలబడినచో లేపువాడు లేడు, ఒంటెలు జారి లోయలలో పడినవి, డేరాలు వెనుకబడగా గొప్ప గొప్ప అమీరులు చెట్లక్రింద తడియుచు కూర్చుండిరి. ఎదుట ఒక్క శత్రువైనను లేడు. ఆ సైన్యమును ఓడించుటకు అక్కఱయు లేదు.

ఇంతకు ఏడేండ్ల ముందే, 1695లో, చిత్రదుర్గ ప్రాంతమున దొడ్డేరి యను చిన్నకోటలో కాసింఖానుని సంతాజీ చుట్టుముట్టినాడు. పాదుషా మెచ్చిన సేనాని. వెంట తోపులు, ధనము, ఏనుగులు. మూడు దినములలో తిండి లేదు, మేత లేదు. కాసింఖాను అక్కడనే చచ్చెను. మిగిలినవారు సర్వమును అప్పగించి కట్టుబట్టలతో వెడలిరి. సైనికముగ కథ అక్కడనే ముగిసినది. తక్కిన పండ్రెండేండ్లును ముగిసిన సంగతిని ఒప్పుకొనక గడపినవి. ఉత్తరమున 1688లోనే జాట్లు సికంద్రాలోని అక్బరు సమాధిని దోచిరి. దక్షిణమున ఊరుపేరు లేని కొండలను పట్టుచున్నవాడు తన ముత్తాత గోరీని కాపాడుకొనలేకపోయెను.

ప్రతివాది: ఖేల్నా దారిని గూర్చి నాకు చెప్పవలసినది లేదు. ఆ దండుతో తిరిగిన భీమసేన కాయస్థుడు, గుడారములో పుట్టి గుడారములో పెరిగి, గుడ్డకంటె గట్టి యిల్లు ఈ లోకమున నుండునని యెఱుగనివారు పెరిగిరని వాపోయినాడు. ఇటలీనుండి వచ్చిన కరేరీ యను బాటసారి 1695లో ఆ శిబిరమును చూచి, దాని చుట్టుకొలత ముప్పది మైళ్లనియు అందు 250 బజారులు కలవనియు వ్రాసెను. దండనరాదు దానిని, నగరము. కాని అదే బాటసారి పాదుషానుగూడ చూచినాడు: పొట్టిమనిషి, పెద్దముక్కు, వంగిన వీపు, గుండ్రని తెల్లగడ్డము, కఱ్ఱ ఊతగ నిలిచి, కండ్లద్దములు లేకయే అర్జీలు చదివి స్వహస్తముతో ఉత్తరువులు వ్రాయుచు, నవ్వుమొగముతో నుండెను. డెబ్బదియాఱేండ్ల వానియందు అది తృష్ణ యని నాకు తోచదు. పని యనిపించును. ఇతరులకు విడువలేని పని.

విడువలేనిది ఎందుచేతనో మీరడుగలేదు, నేనే చెప్పెదను. దక్కనులో గెలిచిన సైన్యమును, ధనమును కొడుకు చేతిలోనో సేనాని చేతిలోనో పెట్టి పాదుషా ఆగ్రాకు పోయినచో ఏమగునో భూమిపై అందఱికంటె ఔరంగజేబునకే బాగుగ తెలియును. 1658లో దక్కను సైన్యముతో ఉత్తరమునకు నడచి, ధర్మత్ వద్దను సముగఢమువద్దను అన్న పక్షపు దండులను గెలిచి, తండ్రిని ఆగ్రాకోటలో బంధించి, ఎనిమిదేండ్లు అక్కడనే చావనిచ్చిన రాజకుమారుడెవడు? కావుననే అబుల్ హసనుతో ఉత్తరములు నడపెనని కొడుకు ముఅజ్జమును 1687లో ఖైదు చేసెను. రాజారాముతో మంతనము లాడెనని మఱియొక కొడుకు కాంబక్షు చెంజి శిబిరముననే నిర్బంధింపబడెను. సేనాని జుల్ఫికర్ ఖాన్ చెంజిని కావలెననియే సాగదీయుచున్నాడని అనుమానించుచునే ఓర్చుకొనెను. మీరు చెప్పిన మూడు తేదీలలోను అతడు మరలకుండుటకు కారణము ముందున్న కోట కాదు. వెనుక మిగులు సైన్యము.

వాది: అయినచో మీ వాదము చోటు మారినది. మొదట శత్రువులు విడువలేదంటిరి. తరువాత జాగీరులు విడువలేదంటిరి. ఇప్పుడు తాను చేసిన పనియే తన్ను విడువలేదనుచున్నారు. ఈ కడపటిది నాకు అన్నిటికంటె బలముగ తోచుచున్నది. కాని అది అతనిని విడిపించునా? సింహాసనము నెక్కిన త్రోవనే మూసివేయవలసినవాడు ఆ త్రోవపై ఇరువదియైదేండ్లు కావలియుండెను. అతడు చచ్చిన మూడునెలలకే, 1707 జూనులో, జాజౌ వద్ద ఆ త్రోవననే కొడుకులు కత్తులు దూసిరి. ఆజమ్ అక్కడ చచ్చెను. కాంబక్షు 1709లో హైదరాబాదువద్ద. కావలి దేనికి పనికివచ్చినది?

ప్రతివాది: వారసుని నియమించు నియమమే లేని వంశములో అది ఎవని కావలికిని ఆగదు. నేను అతనిని విడిపింపవలెనని రాలేదు. మీ మాటలోని తేలికదనమును సహింపలేక వచ్చితిని. 1700లో తారాబాయి మాట వినవలసినది, అది నేను కాదనను. కాని ఆ దినమున అతని చెవిలో ఆ మాట ఎట్లు వినబడెనో మనము వినలేము. రాజారాము చచ్చెను, విధవరాలు సంధి కోరుచున్నది, అనగా గెలుపు దాపునకు వచ్చినదని ఎవడైనను అనుకొనును. ఓటమి ఎప్పుడును గెలుపు వేషమునే వచ్చినచో, వానిని ఏ దినము తప్పుపట్టుదురు?

వాది: ప్రతి దినమును. వచ్చినదానిని పదిమార్లు చూచినవాడు పదునొకండవమారు గుర్తింపవలదా?

ప్రతివాది: మీరు గుర్తింతురా?

వాది: తెలియదు. ఒక్క సంగతి మాత్రము తెలియును. ఖిలిచ్ ఖాను పేరును గుర్తుంచుకొమ్మంటిని. గోలకొండ ముందు చేయి పోగొట్టుకొన్న ఆ ముసలివానిని హైదరాబాదు దాపున కిస్మత్‌పురములో పూడ్చిరి. వాని మనుమడు నిజాముల్ముల్కు 1724లో షకర్‌ఖేడా వద్ద ఢిల్లీ పంపిన సుబేదారును చంపి, పాదుషా ఎనిమిది నెలలు బురదలో నిలిచి గెలిచిన ఈ దేశమును తనదిగ చేసికొనెను. ఔరంగజేబు గోరీ ఖుల్దాబాదులో ఆరుబయట నున్నది. దౌలతాబాదు చెఱలో చచ్చిన తానీషాను ఆ ఊరిలోనే పూడ్చిరి. 1748లో నిజాముల్ముల్కు బుర్హానుపురమున మరణింపగా వాని శవమును కూడ ఖుల్దాబాదునకే తెచ్చిరి.